మోట తొండానికి కట్టిన నార

మా చుట్టుపక్కల తమిళులు ఎద్దులతో బావినీళ్ళు తోడే మోటను కవలై అంటారు. మనసులోని దిగులునూ కవలై అనే అంటారు. ఆ మాట పుట్టించినవాడికి తప్పకుండా ఒక బావి ఉండి ఉంటుంది. ఆ బావి మోటకు తోలు తొండం చిరిగి ఉంటుంది.

నేను చెప్పేది కుంఫిణీ దొరతనం నాటి సంగతి. కోయంబత్తూరుకు ఉత్తరాన, తుడియలూరు దగ్గర మా నల్లరేగడి చేను. నాయనకు మోకాళ్ళు పట్టేసి, సేద్యం కొత్తగా నా చేతికి వచ్చిన ఏడు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ తొండం తలపుకొస్తే నా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంటారా, వరసలో చాలామందే ఉన్నారు. వరస చివర నేనూ నిలబడి ఉన్నాను.

మోట చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఎద్దులు వాలు దిగుతుంటే మోకు లాగి, బావిలోంచి ఇనప బాన పైకొస్తుంది. ఆ బాన అడుగున ఒక గొంతు. గొంతుకు తోలుతో కుట్టిన పొడుగాటి తొండం బిగించి ఉంటుంది. పైకి వచ్చేదాకా తొండం మూతిని సన్నతాడు ఎత్తి పట్టుకుంటుంది. గట్టుకు రాగానే మూతి వాలి, నీళ్ళు కాలవలో పడతాయి. అంటే బానా, ఎద్దులూ, మోకూ, మనిషీ అందరూ సరిగ్గా ఉన్నా, ఆ తొండమూ దాని కట్టూ సరిగ్గా లేకపోతే బావినీళ్ళు బావిలోకే పోతాయి. రోజంతా చాకిరీ చేసి బావినే బావిలో పోసుకోవాలి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పత్తి అప్పటికే ఎండిపోయింది. నారుమడిలో మిరప నారు ఒక్కటే జానెడు లేచి, పచ్చగా ఉంది. దాన్ని పీకి నాటి, వేళ్ళు పట్టేదాకా తడిపామా, ఇంటికి ఆ ఏటి తిండి ఉన్నట్టు. లేకపోతే లేనట్టు.

అలాంటప్పుడు నేను కాంగేయం నుంచి ఒక కొత్త ఎద్దుల జతను పట్టుకొచ్చాను. వాలులో అవి నడిచేవి కావు, ఉరికేవి. పక్కచేనివాళ్ళు రెండు బానలు తోడేలోపల నేను మూడు తోడేవాణ్ణి. చూడ్డానికి జనం వస్తే ఇంకో అదిలింపు అదిలించేవాణ్ణి. నాలుగోనాటికి తొండం పొడుగునా చీలింది.

మా ఊరి మోటలకు తొండాలు కుట్టే తోలుపనివాడు ఒకడుండేవాడు. మాలాగే తెలుగువాడే, ఊరి చివర ఇల్లు. పిలిపిస్తే వచ్చి, చీలికలో వేలు పెట్టి చూశాడు. పక్కచేని మామా, ఇంకో నలుగురూ అక్కడే ఉన్నారు.

"తోలు తప్పు కాదు సామీ. తోలేవాళ్ళది."

అందరూ నవ్వారు. నాకూ మాటలతో ఆడుకోవడం ఇష్టమే, కానీ ఆ ఆట నేనాడితేనే ఇష్టం.

"నువ్వు కుట్టేదేమీ వద్దులే, పో. పేటలో మంచిది తెస్తాను" అన్నాను.

"సరి సామీ. గొంతు కొలత తాడుతో తీసుకుపోండి" అని వెళ్ళిపోయాడు.

అతను చెప్పాడు కాబట్టి నేను తాడుతో కొలవలేదు. బాన గొంతు చుట్టూ నా చేత్తో మూడు జానలు వేసుకుని, కోయంబత్తూరు పేటకు నడిచాను.

అంగడివాడు మూడు రకాల తోళ్ళు నా ముందర పరిచాడు. మేకతోలు మెత్తగా మడత పడుతుందిగానీ నెల తిరక్కుండా సాగిపోతుందట. దున్నతోలు చిరగదుగానీ మూతి వాలదట. ఎద్దుతోలు రెంటికీ నడుమట. వాటిని చేత్తో నలిపాను, వాసన చూశాను, ఒక చోట వంచి గోటితో గీశాను. ఏమీ తెలియనప్పుడు మనిషి చేసే పనులన్నీ చేశాను. ఆ తరువాత కట్టు. తోలు వారా, నార తాడా, ఇనప కట్టా?

"ఇనప కట్టుదా మేలు. దొర బంగళా తోటలో బావికి ఇదేదా వేసిండేది. మీది ఉరికే జతంట గదా, దానికి నారా గీరా ఏం తాళుతాది?" అన్నాడు, మా వైపు అందరిలాగే మాటను ఒత్తడానికి 'దా' తగిలిస్తూ.

నా ఎద్దుల పేరు పేటదాకా వచ్చిందని పొంగిపోయాను. వాడు దొర పేరెత్తాడు, నేను దొరికిపోయాను. ఎద్దుతోలు తొండమూ, మెరిసే ఇనప కట్టూ తీసుకుని ఇంటికొచ్చాను.

బిగిస్తే తొండం వదులు. గొంతుకూ తోలుకూ నడుమ బొటనవేలు దూరింది. నేను చెప్పిన మూడు జానల్ని వాడు తన జానతో కోశాడు! వాడి చెయ్యి వింటిబద్దలా చాచుకుంటుంది, నాది మా అమ్మ చెయ్యి. ఇనప కట్టును మడతల మీద కొట్టి దిగేశాను. బాన పైకి వస్తుంటే చుట్టూరా నీళ్ళు జల్లెడలోంచి కారినట్టు కారాయి. గట్టుకు చేరేసరికి దోసెడు మిగిలాయి. ఎద్దుల్ని ఇంకా ఉరికించాను. ఇనప కట్టు అంచు తోలును కోయడం మొదలుపెట్టింది.

పక్కచేని మామ గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. "ఏమల్లుడా, బావికి తానం చేయిస్తుండావా?"

మూడోనాటికి మిరప నారు ఆకులు వేలాడేసింది. నా ఇంటామె కుండలతో మోసి పోస్తూ ఉంది. మదురై అవతల తేని దగ్గరి తెలుగింటి పిల్ల, మాట తక్కువ. కుండ దించిన చప్పుడులోనే ఆమె చెప్పవలసిందంతా ఉండేది. ఆ రోజు సాయంత్రం నేను తొండం భుజాన వేసుకుని ఊరి చివరికి వెళ్ళాను.

తోలుపనివాడు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"తోలు మంచిదే సామీ. నేను కుదించి కుట్టి, రేపు సాయంత్రం తెస్తాను. ఆ ఇనుము తీసి పారెయ్యండి. మీ కొట్టంలో కత్తాళ నార ఉండాది గదా, దాన్ని పొద్దున్నే నీళ్ళలో వేసి పెట్టండి. ఎండునార జారిపోతాది. నానిందిదా తోలును కరిచి పట్టుకుంటాది."

అతను నార అన్నాడు. తేటగా, దీర్ఘంగా, నా రెండు చెవులతో విన్నాను. కత్తాళ, అంటే కిత్తలి, మట్టలు చితక్కొట్టి తీసిన నార. మాకు పొద్దస్తమానం తమిళులతో పని, వాళ్ళకు నార అంటే నార్, నారు. బయట తిరిగీ తిరిగీ నా నోరు కూడా ఆ మాటకు అలవాటు పడిపోయింది. మా అమ్మ కట్టడి మాత్రం ఒకటే: గడప లోపల తెలుగు తప్ప వేరే మాట వినపడకూడదు. ఆ గడప మీద నిలబడే నేను నా సంసారాన్ని ముంచాను.

మర్నాడు పొద్దున్నే, అంగడివాడి సంగతి తేల్చాలని ఆ ఇనప కట్టును ముంజేతికి తగిలించుకుని బయలుదేరాను. కంకణం కట్టుకోవడం అంటే అదే. గడప దాటుతూ ఇంటామెకు చెప్పాను.

"నారు తీసి తొట్టిలో నానెయ్యి. నేను వచ్చేదాకా ముట్టొద్దు."

"నారా? అంతానా?"

"అంతా!" అని అరిచాను. అప్పటికే మనసులో అంగడివాడితో పోట్లాడుతున్నాను, ఆ గొంతే ఈమె మీద పడింది.

పేటలో వాడు నా చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూపించాడు. "మీ జాన కురచైతే నా తోలేం చేస్తాది? మీ బానకు గొంతుదా సన్నం" అన్నాడు. ఇనప కట్టును వెనక్కి తీసుకోలేదు. అంగడి ముందర నలుగురు చేరి, నా చెయ్యి కురచదని తీర్పు చెప్పారు. నా చేతిని నా ముందరే కొలిచి, నాదే తప్పన్నారు! ఆ కంకణంతోనే తిరిగొచ్చాను.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాను. పశువుల తొట్టి పచ్చగా ఉంది. మిరప నారంతా వేళ్ళతో సహా పీకి, పిడికెడు పిడికెడు కట్టలు కట్టి, నీళ్ళలో ముద్దుగా నిలబెట్టి ఉంది. నారుమడి బోడిగుండులా ఉంది.

"ఏమిది?" అన్నాను.

"నారు" అంది ఇంటామె.

"ఎవరు పీకమనింది?"

"మీరుదా. అంతానా అని అడిగితిని. అంతా అని అరిస్తిరి."

"నేను చెప్పింది కొట్టంలోని కత్తాళది!"

"అది నార. మీరు సెప్పింది నారు." కుండ దించింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది. "నీళ్ళు లేని చేనికి నారెందుకు పీకమంటారో అని మధ్యాన్నం దాకా యోచన చేసి, ఏదో మోట బాగైందేమో అనుకుని పీకితిని. నడుము పోయింది."

లోపలినుంచి అమ్మ అందుకుంది. "దాన్నేమీ అనొద్దు. తెలుగింట్లో అది తెలుగు వినింది. నువ్వు అరవం కూసినావు."

నారుకు నీళ్ళు కావాలి, నీళ్ళకు నార కావాలి. కొట్టంలో నార ఎండి కరకరలాడుతోంది, తొట్టిలో నారు నానుతోంది. పీకిన నారు ఆ సాయంత్రమే తడిమట్టిలో పడకపోతే తెల్లారేసరికి కూరాకు.

అప్పుడే తోలుపనివాడు తన ఇంటామెతో కలిసి, కుదించిన తొండం భుజాన వేసుకుని వచ్చాడు. తొట్టి చూశాడు, నన్ను చూశాడు.

"నార అంటిని సామీ."

"అంటివి" అన్నాను.

అతని భార్య చంకలోని తట్ట దించి మూత తీసింది. నానిన కత్తాళ నార, నీళ్ళోడుతూ ఉంది. మా ఇంట్లో నానదని వాళ్ళకు ముందే తెలిసినట్టుంది. ఎలా తెలిసిందని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

అతను తొండాన్ని తడిపి, గొంతుకు బలవంతంగా ఎక్కించి, కాలు తన్నిపెట్టి నార బిగించాడు. ఒక్కో చుట్టూ కిర్రుమంది. ఎద్దుల్ని నేను పట్టుకోబోతే పలుపు అతనే అందుకున్నాడు. "ఈ పొద్దు నడిపిద్దాము సామీ" అన్నాడు. ఉరికే జత ఆ సాయంత్రం పెళ్ళివారి ఎద్దుల్లా నడిచింది. బాన నిండుగా వచ్చింది, చుక్క కారలేదు. కాలవ పారింది. ఇంటామె, అమ్మ, తోలుపనివాడి భార్య, నేను వంగి వంగి నాటాము. మామ కూడా గట్టు దిగి వచ్చి, రెండు సాళ్ళు నాటాడు. వెలుగు ఉన్నంతసేపూ నాటాము. కొన్ని మొక్కలు పోయాయి, చాలావరకు నిలిచాయి. ఆ ఏడు మిరప పండింది.

చివరి కట్ట నాటగానే అమ్మ బిందెను తొండం కిందే పట్టి, ఇంటికి నీళ్ళు నింపుకుంది. అతని చేతి తోలులోంచి పడిన నీళ్ళు అవి. ఆ దంపతులకూ దాహమే. వాళ్ళు మాత్రం చేను దిగి, కాలవ చివర, మట్టి కలిసిన చోట కూర్చుని దోసిళ్ళు పట్టారు. ఇక్కడే తాగండి అని నేను అనలేదు. నోటిదాకా వచ్చింది. మామ మళ్ళీ గట్టు మీద ఉన్నాడు, అమ్మ బిందెతో ఉంది, ఊరుకున్నాను.

తప్పు పలికిన మాటకు మా ఇంట్లో నన్ను ఏళ్ళ తరబడి ఎగతాళి చేశారు. పలకని మాటకు ఎవరూ ఏమీ అనలేదు. మొదట్లో మంట అన్నానే, అంగడివాడి మీద కొంత, ఇనప కట్టు మీద కొంత. మిగిలిందంతా ఆ పలకని మాట మీదే.