గొడుగు తడవని శుక్రవారం

ఇదొక మహా సంగ్రామ గాథ. ఇందులో ఒక యంత్రం ఆగిపోతుంది, ఒక ఉద్యోగం ఊగిసలాడుతుంది, ఒక అబద్ధం సంతకంతో సహా పట్టుబడుతుంది. అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి ఇది అమలాపురంలో ఒక ఆసుపత్రిలో భోజనాల వేళ సర్వర్ ఆపి, నాలుగు నిమిషాల తరువాత మళ్ళీ నడిపించిన కథ. యుద్ధం లేదు. వర్షం మాత్రం ఉంది.

ఈ ఉదయం మా ఆఫీసులో సర్వర్ గది తలుపు తీయగానే ఏసీ చలిగాలీ, వేడెక్కిన దుమ్ము వాసనా కలిసి ముఖానికి తగిలాయి. కొందరికి మల్లెల వాసనకి మనుషులు గుర్తొస్తారు. నాకు ఈ దుమ్ము వాసనకి సుగుణగారు గుర్తొస్తారు. ఆవిడ పోయి నెల కావస్తోంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, డిగ్రీ చేతికొచ్చి, అన్నీ తెలుసన్న నమ్మకంతో ఆవిడ దగ్గర చేరాను. ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి ఆవిడే పెద్ద. ఉన్నది ఇద్దరమే కనుక మిగతా హోదాలన్నీ నావి. ఆవిడ రోజూ పలివెల నుంచి బస్సులో వచ్చేవారు. తండ్రి మిషన్ బడిలో పంతులుగారట. ఆయన నుంచి ఆవిడకు సంక్రమించిన ఆస్తి గుండ్రటి చేతిరాత. అప్లికేషన్ సర్వర్ అంటే ఏమిటో నాకు మొదటిరోజే ఒక్క ముక్కలో చెప్పారు. రోగుల వివరాలన్నీ దాచిన డేటాబేసు వంటశాల, కౌంటర్లలో కూర్చున్నవాళ్ళు బంతిలో వాళ్ళు, మధ్యలో తిరుగుతూ వడ్డించేవాడు సర్వర్. వారం తిరిగేసరికి వాడికి ఆయాసం వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆపి, మళ్ళీ లేపాలి. ఆ క్షణాన గరిటెలో ఉన్నది, అంటే ఎవరైనా టైపు చేసి ఇంకా సేవ్ చేయనిది, నేలపాలవుతుంది.

అందుకని ఆపేముందు ఆవిడ ఆసుపత్రి అంతా కాలినడకన తిరిగేవారు. మందుల కౌంటరు, ల్యాబు, ఎక్స్‌రే గది, చివరికి ఆవరణకి అటుపక్కనున్న కంటి విభాగం. ప్రతి ఒక్కరి ముందూ నిలబడి, "పది నిమిషాల్లో ఆపుతున్నామండీ, చేసింది సేవ్ చేసుకోండి" అని చెప్పి, వాళ్ళు "ఆయ్" అన్నాకే కదిలేవారు. రెండో వారానికే నా తెలివి ఆగలేదు.

"మేడమ్ గారండీ, అందరి స్క్రీన్ల మీదా ఓ ముక్క వచ్చేలా పెడితే సరిపోద్ది కదండీ?"

"మీ ఇంట్లో పెళ్ళికి కార్డు గుమ్మంలో పడేసి వచ్చేస్తారా శీనుబాబూ?"

"లేదండీ. వెళ్ళి పిలుస్తారండి. కానీ పెళ్ళికైతే భోజనం పెడతారు కదండీ."

"మనం వడ్డన ఆపుతున్నాం. ఇంకా మర్యాదగా చెప్పాలి."

తిరిగొచ్చాక ఒక పుస్తకంలో రాయాలి. ఎన్నింటికి ఆపాం, ఎందుకు ఆపాం, ఎవరెవరికి చెప్పాం. తప్పు రాస్తే రుద్దకూడదు, చింపకూడదు. ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద రాసింది చదవడానికి వీలుండాలి. "సర్వరు తన లాగ్ ఫైలు చిట్టాలో ఏది జరిగితే అది రాసుకుంటది. దిద్దుకోదు. మనిషై ఉండి మనం దిద్దుకుంటామా?" అనేవారు.

ఒక శుక్రవారం సుగుణగారు సూపరింటెండెంటుగారి గదిలో ఏదో సమావేశంలో ఉండి, మొదటిసారి నన్నొక్కణ్ణే పంపారు. అన్ని కౌంటర్లకీ వెళ్ళాను. కంటి విభాగానికి మాత్రం ఆవరణ దాటాలి. వాన కొబ్బరి మట్టల్ని వంచేసి కొడుతోంది. గొడుగు తలుపు వెనక వేలాడుతోంది. నేనూ దాని పక్కనే నిలబడ్డాను. ఇద్దరం కాసేపు వర్షాన్ని చూశాం. తరువాత నేను కుర్చీలో కూర్చుని, పుస్తకంలో "విమల, కంటి విభాగం: చెప్పాను" అని రాసి, సర్వర్ ఆపేశాను.

విమల పి.గన్నవరం నుంచి వచ్చే కొత్త ఆపరేటరు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు, ఐదో నెల నడుస్తోంది. ఆ సమయానికి ఆమె, గోదావరి లంక గ్రామాల నుంచి కంటి ఆపరేషన్ల కోసం వచ్చిన వృద్ధుల పేర్లూ, ఊళ్ళూ, చక్కెర పరీక్షలూ ఒకే జాబితాలో ఎక్కిస్తోంది. ఆ జాబితా చివరిదాకా నింపితే గానీ సేవ్ కాదు. అంతా పోయింది. బెంచీల మీదున్న వాళ్ళందరినీ మళ్ళీ వరసలో నిలబెట్టారు. ఒక తాత కర్ర మీద ఒరిగి, "మళ్ళీ పేరు చెప్పాలా అమ్మా? పొద్దున్న చెప్పిందే. మారలేదు" అన్నాడట. వాళ్ళను ఆపరేషన్లకు తీసుకెళ్ళాల్సిన వ్యాను వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటుగారు ముగ్గురినీ పిలిచి, పుస్తకం తెప్పించారు.

"నీకు చెప్పినట్టు ఉంది కదమ్మా ఇక్కడ. చెప్పేక కూడా సేవ్ చేయలేదా?"

"నాకెవరూ చెప్పలేదండీ" అంది విమల.

"సుగుణగారి పుస్తకం అబద్ధం ఆడదమ్మా. రేపటి నుంచి రానక్కర్లేదు."

విమల నా వైపు చూడలేదు. సుగుణగారి వైపు చూసింది. ఆవిడ లేచి, "సాయంత్రం దాకా టైమివ్వండి సార్. మా వైపు ఏం జరిగిందో చూసుకుని వస్తాం" అన్నారు.

గదికి వచ్చాక ఆవిడ కంప్యూటర్ ముట్టుకోలేదు. తలుపు వెనకున్న గొడుగు తీసి విప్పారు. దుమ్ము రాలింది.

"పొడిగా ఉందే."

"ఆరిపోయుంటదండీ."

"ఆయ్. దుమ్ముతో సహా ఆరింది."

గొడుగు ముడిచి, పుస్తకం నా ముందు పెట్టారు. నేను నోరు తెరవబోతే, "నాతో చెప్పకు. నాకు తెలుసు. అందులో రాయి" అన్నారు. ఎంతటి ఇబ్బందిలోనైనా నా దగ్గర ఒక హాస్యోక్తి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు వెతికాను, దొరకలేదు.

"నా ఉద్యోగం పోద్దేమోనండీ."

"పోవచ్చు. నేను అడ్డుపడను." పెన్ను నా చేతిలో పెట్టి అన్నారు, "ఆ పిల్లది మాత్రం పోకూడదు."

ఒక గీత కొట్టాను. దాని కింద రాశాను: "విమలకు చెప్పలేదు. వర్షమని వెళ్ళలేదు. చెప్పానని అబద్ధం రాశాను." సంతకం పెట్టాను. సూపరింటెండెంటుగారి గది దాకా ఆవిడ నా వెంట వచ్చారు. లోపల నన్ను వెనకేసుకు రాలేదు, నిందించలేదు. ఆయన చదివిందే రెండుసార్లు చదివారు. నా ఉద్యోగం పోలేదు. నా మీద జాలి కాదు, ఆ జీతానికి మరొకడు దొరకడని. విమలను ఆ మరుసటి నెలలో ఖాయం చేశారు.

క్షమాపణ చెప్పడానికి ఆ సాయంత్రమే కంటి విభాగానికి వెళ్ళాను.

"ఇప్పుడొచ్చేరా?" అంది విమల, తల ఎత్తకుండా.

"వర్షం తగ్గిందండీ."

"ఆయ్" అంది. నవ్వలేదు. నవ్వకపోవడమే న్యాయం.

ఇప్పుడు ఆ కంప్యూటర్ విభాగానికి విమలే పెద్ద. సుగుణగారు పోయిన కబురు ఆమే ఫోన్ చేసి చెప్పింది. పాత పుస్తకాలు సర్దుతుంటే ఆ పేజీ కనబడిందట. "ఎవరైనా చూస్తారేమోనండీ, చింపేయమంటారా?" అని అడిగింది. నా మీద దయతోనే అడిగింది. వద్దన్నాను.

మా ఆఫీసులో ఇప్పుడు సర్వర్ ఆపేముందు అందరి స్క్రీన్ల మీదా దానంతటదే కబురు వెళ్తుంది. అయినా నేను మూడంతస్తులూ తిరిగి, ఒక్కొక్కరి ముందూ నిలబడి చెప్పి, వాళ్ళు సరేనన్నాకే కదులుతాను. కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నేను నిజంగా వెళ్ళి చెప్పినవాళ్ళ పేర్లే పుస్తకంలో రాస్తాను. ఇదంతా అయ్యేసరికి కింద క్యాంటీన్‌లో కూరలు అయిపోతాయి. అందుకని శుక్రవారాలు ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకుంటాను.