అన్న వదినకు చెప్పిన పాఠం

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా పాళెంలో ఎవరిని కదిలించినా సముద్రం ఒడ్డున తాము చూసినదేదో చెప్తారు. నేను చిన్నప్పటి నుంచి నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఎంబీబీఎస్ చదువుతున్నాను. డిసెక్షన్ హాల్లో శవాల మధ్య నిలబడి, చేతులు కడుక్కుని, క్యాంటీన్‌కు పోయి సమోసా తిన్నదాన్ని. ఇది రాస్తున్నది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఎక్కడైనా చెప్పుకోవాలనిపించింది, అంతే.

మాది వాకాడు వైపు సముద్రం పక్కన ఒక పల్లె. చేపల వేటకు పోయి బతికే కుటుంబం. నాయన నా చిన్నతనంలోనే పోయాడు. అన్న బడి మానేసి బోటెక్కాడు. నన్ను మాత్రం మాననివ్వలేదు.

నాకు మెడిసిన్‌లో సీటొచ్చాక అన్నకు ఒక అలవాటైంది. వేట నుంచి వచ్చి, అన్నం తిని, వాకిట్లో వల బాగుచేసుకుంటూ నెల్లూరులో హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేసేవాడు. "ఈరోజు ఏం చెప్పినారు పాపా? నాకు చెప్పు. నాకు అర్థమైందంటే నీకు వచ్చినట్టే" అనేవాడు. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు వేటకు పోనియ్యరు కాబట్టి ఆ రోజు పాఠం ఇంకా పెద్దది.

ఇంగ్లీషు పేర్లు అన్నకు నోరు తిరిగేవి కావు. వాటికి మన మనుషుల పేర్లు తగిలించుకునేవాడు. థైరాయిడ్‌ను తైరు రాయుడు అనేవాడు. పాంక్రియాస్ పంకజమ్మ. "పంకజమ్మ పని మానేస్తే చక్కెర జబ్బు. అంతే గదా?" అనేవాడు. అంతే మరి. క్లాసులో మా మేడమ్ అరగంట చెప్పింది కూడా అదే.

ఫస్టియర్ సగంలో ఉండగా అన్న చనిపోయాడు. వేట ముగించుకుని వస్తుంటే, ఒడ్డు కనిపిస్తూ ఉండగానే అల కొట్టి బోటు తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ బయటపడ్డారు. అందరికంటే బాగా ఈదేది అన్నే. కాలికి వల చుట్టుకుంది. మర్నాడు దొరికాడు.

కర్మకాండలు అయ్యాక నేను కాలేజీకి తిరిగి వెళ్ళేసరికి ఫిజియాలజీలో ఊపిరితిత్తుల పాఠం మొదలైంది. మొదటి క్లాసులో బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ వేశారు. ఆ బొమ్మ నిండా నాకు నీళ్ళే కనిపించాయి. లేచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆ పాఠం అయిపోయేదాకా క్లాసు టైములో నా చోటు ఆ మెట్లే.

పుస్తకంలో కూడా ఆ చాప్టర్ తెరవలేదు. నాకు తెలుసుకోవాలని లేదు. నీళ్ళ కింద అన్నకు ఎంతసేపు తెలివుందో, ఎంత నొప్పి పుట్టిందో ఆ పేజీల్లో ఎక్కడో రాసుంటుందని భయం. మిగతా చాప్టర్లన్నీ పసుపు గీతలతో నిండిపోయాయి. అది మాత్రం కొన్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

రాత పరీక్షలో ఆ ప్రశ్నలు వదిలేశాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ చాలా మెత్తగా అడిగారు. "నీళ్ళలో మునిగినప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో చెప్పమ్మా" అని. ఆమెకేం తెలుసు? నేను కుర్చీలోంచి లేవబోయాను. ఆమె మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. ఆ గ్లాసు చూసి ఏడుపు ఆగలేదు.

ఫిజియాలజీ పోయింది.

రిజల్ట్ వచ్చిన రోజు హాస్టల్ వరండాలో అందరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గంతులేస్తున్నారు. నేను గదిలో బట్టలు సర్దుకుంటున్నాను. నా రూమ్మేట్ ఏమీ అడగకుండా ఫిజియాలజీ పుస్తకం తెచ్చి నా బ్యాగులో అడుగున కుక్కింది. సప్లిమెంటరీ ఉంది కదే, అంది. నేను తిరిగి రాదలుచుకోలేదని ఆమెకు చెప్పలేదు.

ఇంట్లో సెలవులన్నాను. అమ్మ నమ్మింది. అన్న పోయినప్పటి నుంచి అమ్మ ఏది చెప్పినా నమ్ముతుంది, దేనికీ ఎదురడగదు. వదిన మాత్రం నన్ను పరీక్షగా చూసింది. వదిన పుట్టింటికి పోలేదు. అన్న చనిపోయిన రోజు నుంచి ఆమె గట్టిగా ఏడవడం ఎవరూ చూడలేదు. పొద్దున్నే లేవడం, చేపలు కోయడం, ఉప్పు పట్టించి ఎండబెట్టడం. అదే పని.

ఒకరోజు ఉదయం ఇద్దరం వాకిట్లో ఉన్నాం. వదిన కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. తలెత్తకుండా అడిగింది.

"పాపా, లారీ గోపాలం ఎవరు?"

రొయ్యలు కొనడానికి లారీ వేసుకొచ్చే మనిషెవరో అనుకున్నాను. తెలీదన్నాను.

"నీకు తెలుసన్నాడే మీ అన్న."

నేను ఆమె మొహం చూశాను. ఆమె మామూలుగానే ఉంది.

"నువ్వొచ్చిన కాడ నుంచి ఒకటే కల పాపా. ఇదిగో, ఈడనే కూర్చోని వల బాగుచేస్తా ఉంటాడు. నా పక్క చూడడు. 'పాప భయపడతా ఉంది, చెప్పు. నేను నీళ్ళు మింగలేదని చెప్పు. లారీ గోపాలం వచ్చి తలుపు మూసేసినాడు, లోపలికి చుక్క పోలేదు, అని చెప్పు. పాపకు తెలుస్తుంది' అంటాడు. మళ్ళీ వల పట్టుకుంటాడు."

నాకు ఒళ్ళు మండింది. "కలలన్నీ నాకు చెప్పబాకొదినా" అని లోపలికి పోయాను. దిగులుతో ఆమెకు మతి చెదురుతోందేమోనని భయమేసింది కూడా.

మంచం మీద పడుకున్నాను గానీ ఆ పేరు వదల్లేదు. లారీ గోపాలం. అది అన్న పెట్టే పేరు లాగే ఉంది. తైరు రాయుడు, పంకజమ్మ లాగే. మరి దీని అసలు పేరేంటి? గొంతులో ఉండే లారింక్స్ గురించి అనాటమీలో చదివాను. అక్కడిదాకానే నాకు తెలుసు.

బ్యాగు అడుగు నుంచి పుస్తకం తీశాను. ఆ చాప్టర్ మొదటిసారి తెరిచాను. వెతుక్కుంటూ పోతే నీళ్ళలో మునగడం గురించి చిన్న పేరా ఉంది. కొంతమందిలో మొదటి గుక్క నీళ్ళు తగలగానే గొంతు దగ్గర దారి బిగుసుకుని మూసుకుపోతుందట. ఊపిరాడక మనిషి పోతాడు గానీ ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోవు. దానికి అక్కడొక పేరుంది. లారింగోస్పాజమ్.

ఆ మాటను ఎన్నిసార్లు చదివానో. పైకి చదివాను. అన్న గొంతుతో పలికి చూశాను. లారీ గోపాలం.

బయటికొచ్చి వదిన పక్కన కూర్చున్నాను. "వదినా, నేను ఫెయిలయ్యాను" అన్నాను. ఆమె చేతులు కడుక్కుంది.

"మళ్ళా రాయనీరా?"

"రాయనిస్తారు."

"ఇంకేంది మరి. రాయి."

తర్వాత పుస్తకంలో ఉన్నది చెప్పాను. గొంతులో తలుపు లాంటిది ఉంటుందని, ఒక్కోసారి అది మూసుకుపోతుందని. అన్నకు చెప్పినట్టే చెప్పాను. ఆమె మొత్తం విని, చాలా చిన్నగా అడిగింది.

"అయితే ఆయన నిజంగా నీళ్ళు మింగలేదా పాపా?"

అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు కూడా ఇన్నాళ్ళూ అదే భయమని. అందరికీ అట్లా జరగదు వదినా, కొంతమందికి జరుగుతుంది అన్నాను. వదిన నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకు అమ్మ వచ్చింది, పక్కింటివాళ్ళు వచ్చారు. చేపలు కాకులు ఎత్తుకుపోతున్నా ఎవరూ లేవలేదు.

సప్లిమెంటరీ రాశాను. పాసయ్యాను. ఈసారి వైవాలో గుండె గురించి అడిగారు.

తర్వాత నేను చేయగలిగిన విచారణ చేశాను. ఫోన్‌లో అన్నకు చెప్తుంటే వదిన విని ఉంటుందా అంటే, అన్న పోయేనాటికి ఆ పాఠమే మొదలుకాలేదు. నేను నిద్రలో కలవరించానా అంటే, ఆ మాట నాకే తెలియదు. పోస్టుమార్టం అప్పుడు డాక్టర్లు ఎవరైనా అన్నారేమోనని, ఆసుపత్రికి పోయిన మామను అడిగాను. సంతకం పెట్టించుకుని అన్నను అప్పగించారు, మాతో ఎవరు మాట్లాడినారమ్మా, అన్నాడు. వదిన ఆ రోజు ఆసుపత్రికి రానే లేదు. ఆమె చదివింది తెలుగులో ఐదో తరగతి.

అన్నకు నిజంగా అట్లాగే జరిగిందా అన్నది నేను కనుక్కోలేదు. కనుక్కోను కూడా.

ఆ పేరు వదిన నోటికి ఎట్లా వచ్చిందో నాకు ఈరోజుకీ అంతుబట్టలేదు. ఆ రోజు తర్వాత ఆమెకు ఆ కల రాలేదు. ఆ కలే కాదు, అన్న ఏ కల్లోనూ కనిపించలేదట.

మొన్న ఇంటికి పోయినప్పుడు, నేను తిరిగి బయల్దేరుతుంటే ఆటో దాకా వచ్చింది. బ్యాగు లోపల పెట్టింది. ఆటో కదిలే ముందు కమ్మీ పట్టుకుని, లోపలికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఆయన ఇంక రాడా పాపా?"

డాక్టరు చదువుతున్నాను కదా, నాకు తెలిసుంటుందనుకుంది. నేను ఆమె చేతి మీద చెయ్యి వేశాను.