పావుచుట్టు మేస్త్రి

పాత గిటార్లు బాగుచేసే ఆ మేస్త్రి ఏ గిటారు మెడకైనా సరే, రోజుకు పావు చుట్టుకు మించి పానా తిప్పడు. మిన్ను విరిగి మీద పడ్డా పావు చుట్టే. ఆ తర్వాత పానాను దాని మేకుకు తగిలించి, "రేపు రండి" అంటాడు. అందరూ పావుచుట్టు మేస్త్రి అని పేరు పెట్టారు. ఆయన నొచ్చుకోకపోగా, దుకాణం బోర్డు మీద ఆ పేరే రాయించుకున్నాడు. పక్కనే తీగలు అమ్ముతూ, వచ్చినవాళ్ళకు సమాధానం చెప్పలేక వేగిపోయేది ఆయన చెల్లెలు.

గిటారు మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ట్రస్ రాడ్ అంటారు. తీగల లాగుడుకు మెడ ముందుకు వంగకుండా అది కాస్తుంది. దాని చివరి నట్టు బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది. పాతదాన్ని మరీ బిగిస్తే కడ్డీ పుటుక్కుమంటుంది. చెల్లెలి దృష్టిలో ఇంతే సంగతి. అన్నయ్యకు మాత్రం అదొక ఆపరేషన్. మూత విప్పడం, నట్టుకు చుక్క నూనె, తీగలు వదులు చేయడం, పావు చుట్టు, మళ్ళీ శ్రుతి. అంతసేపూ ఎవరూ దగ్గకూడదు.

"కొయ్య వింటోంది," అనేవాడు.

"ఏం వింటోంది అన్నయ్యా?"

"నేను చెప్పింది. ఒక రాత్రి ఆలోచించుకోనీ."

పెళ్ళికి సరేననడానికి ఆయనకు నాలుగేళ్ళు పట్టిందని వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

ఒక బుధవారం పోస్టుమాన్ వచ్చాడు. శనివారంతో ఆయన ఉద్యోగం అయిపోతుంది. ఆ సాయంత్రం వీడ్కోలు సభలో ఒక పాట వాయిస్తానని తోటివాళ్ళకు మాటిచ్చాడు. గిటారు చనిపోయిన వాళ్ళ అన్నయ్యది. మెడ ముందుకు వంగి తీగలు బాగా పైకి లేచిపోయి, నొక్కి నొక్కి ఆయన వేళ్ళు పుళ్ళు పడ్డాయి.

"శనివారానికి అవుతుందా అండీ?"

"మెడ చెప్పాలి," అని మేస్త్రి పావు చుట్టు తిప్పాడు. "రేపు రండి."

గురువారం ఇంకో పావు. "ఇంకెన్ని?" అంటే, "రేపు చూద్దాం" అన్నాడు. పోస్టుమాన్ గిటారు అక్కడే వదిలి, వేళ్ళు చూసుకుంటూ వెళ్ళిపోయాడు. చెల్లెలికి జాలేసింది. అన్నయ్య భోజనానికి వెళ్ళగానే పానా అందుకుంది. శుక్రవారం పావు, శనివారం పావు, రెండూ కలిపి అర చుట్టు ఒక్కసారే తిప్పేసింది. తీగలు చక్కగా దిగాయి. ఈ మాత్రానికి ఇన్నేళ్ళుగా ఇంత తతంగమా అనుకుంది.

శుక్రవారం పోస్టుమాన్ మీటగానే తీగ జుయ్యిమంది. రెండోదీ అంతే. రాత్రికి రాత్రి మెడ వెనక్కి వంగి, తీగలు మెడ మీది మెట్లకు రాసుకుంటున్నాయి.

"పాడైపోయిందా అండీ? మా అన్నయ్యది..." అన్నాడు పోస్టుమాన్.

మేస్త్రి ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. పానా తన మేకుకు కాక పక్క మేకుకు వేలాడుతోంది. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు.

"పొరపాటు నాదేనండీ. నిన్న అర చుట్టు ఎక్కువ తిప్పాను."

పోస్టుమాన్ నోరు తెరిచాడు. "మీరా? అర చుట్టా?"

"చేయి జారింది."

నలభై ఏళ్ళుగా ఆయనకున్న గొప్పల్లా అదొక్కటే. దాన్ని అంత తేలిగ్గా వదిలేసుకుంటుంటే చెల్లెలికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"అయితే ఆ అర చుట్టూ వెనక్కి తిప్పేయండి," అన్నాడు పోస్టుమాన్ ఆశగా.

మేస్త్రి ముఖం గంభీరమైంది. "పావు ఇవాళ. పావు రేపు పొద్దున."

శనివారం సాయంత్రం పోస్టుమాన్ పాట మొత్తం వాయించాడు. రెండు చోట్ల తప్పాడు. అది గిటారు తప్పు కాదని మేస్త్రి పక్కవాళ్ళకు బల్ల గుద్ది చెప్పాడు.

ఇంటికి వస్తుంటే దారిలో చెల్లెలు ఆగిపోయింది. "తిట్టన్నయ్యా. నిన్నటినుంచి కాచుకుని ఉన్నాను."

"పానా ఆ మేకుకు కాదమ్మా, ఈవలి మేకుకు."

"అంతేనా?"

"ఇవాళ్టికి పావు. మిగతాది రేపు."

పదకొండేళ్ళయింది. ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో దుకాణం తెరుస్తూ చెల్లెలు అడుగుతుంది, "మిగతా ముప్పావు ఇవాళైనా తిడతావా?" అని.

మేస్త్రి నట్టు మీద నూనె చుక్క వేస్తూ, తల ఎత్తకుండా, "రేపు రా" అంటాడు.