కుట్ల మీద రాసుకున్న ప్రార్థన నూనె

ఆ తొమ్మిది రోజులు అద్దంలో నా మొహం చూసుకోవడానికే భయపడ్డాను, సహోదరులారా! పై పళ్లన్నీ తీసేసి, దవడ ఎముకలో ఆరు స్క్రూలు దింపి, వాటి మీద తాత్కాలికంగా పళ్ల వరుస బిగించి ఇంటికి పంపారు. ఈ అరబ్బు దేశంలో అల్ అమెరాత్ అనే ఊళ్లో మా అమ్మాయి సుజాత ఇల్లు. తను నర్సు, అల్లుడు సైట్‌లో సూపర్‌వైజరు, ఇద్దరూ డ్యూటీకి వెళ్లిపోతే పగలంతా నేను, ఏసీ చప్పుడు, గిన్నెలో చల్లారిన జావ, అంతే. మొహం వాచిపోయింది, కళ్ల కింద నల్లగా కమిలింది. మూడో రోజు దాకా వాపు పెరిగి తర్వాత తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, చెప్పినట్టే నాలుగో రోజు తగ్గడం మొదలైంది కూడా. అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఈ సాక్ష్యం రాసే పనే ఉండేది కాదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఇరవై ఏళ్లు ఈ దేశంలో ఒకరింట్లో వంట చేశాను, యాభై దాటాక మన శుక్రవారం ప్రార్థన కూడికలోనే అక్షరాలు నేర్చుకున్నాను, బైబిలు కూడబలుక్కుని చదువుతాను. కూడికలో నన్ను పెద్దమ్మగారు అంటారు. ప్రార్థన నూనె సీసా నా దగ్గరే ఉంటుంది. మా ఊరి పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చే కొబ్బరినూనె అది, ఎవరు ఊరెళ్లినా నింపించుకుని తెస్తారు. తలనొప్పంటే నుదుటికి, కీళ్లనొప్పంటే మోకాలికి, పసిబిడ్డ ఏడిస్తే మాడుకి నేనే రాసి ప్రార్థన చేస్తాను. అందరికీ రాసేదాన్ని నాకు నేను రాసుకోకపోతే నా విశ్వాసం ఏపాటిది అనిపించింది. మందు నీళ్లతో పుక్కిలించడం తప్ప నోట్లో ఇంకేదీ పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు తెలుసు. తెలిసే చేశాను. ఐదో రోజు మధ్యాహ్నం వేలు నూనెలో ముంచి కుట్ల మీద, స్క్రూల చుట్టూ గట్టిగా రుద్దాను. ఆరో రోజు రెండుసార్లు. సుజాత ఇచ్చిన మాత్రలు కూడా మింగకుండా తలగడ కింద పెట్టేశాను, నూనె ఉండగా మాత్రలెందుకని!

ఏడో రోజుకి నోరంతా చేదు, కుళ్లు వాసన. చిగురు టపటపా కొట్టుకుంటోంది, ఒళ్లు కాలిపోతోంది. నాలుకతో తడిమితే ఒక స్క్రూ దగ్గర మెత్తగా ఏదో తగిలింది! ఎముక కుళ్లిపోతుందా, బిగించినవన్నీ పీకేస్తారా, ఇక బతికినన్నాళ్లూ జావేనా అని ఒకటే బెంగ.

సుజాత డ్యూటీ నుంచి వచ్చి, "ఏంటమ్మా, మళ్లీ వాచింది? ఏదీ, నోరు తెరు" అంది.

"నర్సు బుద్ధి నా దగ్గర చూపించకు. ఏసీ గాలికి అలా ఉంది, పో" అని కసిరాను.

ఎందుకు దాచానో మొహమాటం లేకుండా చెబుతాను. ప్రార్థన నూనె రాసుకుంటే చీము పట్టిందని నలుగురికీ తెలిస్తే దేవుని పేరు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి పోయేది పెద్దమ్మగారి పేరు. మంచం మీద కూర్చుని, "ప్రభువా, ఎవరికీ తెలియకుండా దీన్ని మాన్పించు, నన్ను సిగ్గుపరచకు" అని ఏడ్చాను. ఆ ప్రార్థన పైకప్పు కూడా దాటినట్టు అనిపించలేదు.

తొమ్మిదో రోజు ఉదయం రత్నం వచ్చింది. మన కూడికకు వచ్చే సహోదరే, దగ్గర్లో ఒక ఇంట్లో పని చేస్తుంది. మోచెయ్యి దాకా బొబ్బలు, ఒకటి పగిలి ఎర్రగా ఉంది.

"పెద్దమ్మగారూ, మరిగే టీ ఒలికిపోయిందండి. మా మేడమ్ ఆసుపత్రికి వెళ్లమంది, నేనే వద్దన్నాను. మీరు నూనె రాసి ప్రార్థన చేస్తే తగ్గిపోద్ది" అంది.

సీసా తీశాను, సహోదరులారా, మూత కూడా తీశాను. రాస్తే ఆమె చెయ్యి నా నోరులా అవుతుంది, రాయకపోతే ఎందుకో చెప్పాలి. జ్వరంలో పడిన భయం ఈ భయం ముందు ఏపాటిది! "యేసయ్యా, నన్ను సిగ్గుపరచినా సరే, దీని చెయ్యి కాపాడు" అన్నాను, మూత పెట్టేశాను.

"పచ్చి పుండు మీద రాయకూడదే రత్నం. నేను నోట్లో రాసుకుని చీము పట్టించుకున్నాను. మాత్రలూ మానేశాను, సుజాతకి కూడా చెప్పలేదు."

రత్నం నన్నే నిలదీసింది. "కూడికలో ఎవరు గుసగుసలాడినా లేపి నిలబెడతారే, మీరేనా ఇన్నాళ్లు దాచింది? ఫోనెక్కడండి? సుజాతక్కకి నేనే చేస్తాను. లేవండి, నా చెయ్యీ చూపించుకుంటాను."

సుజాత పరుగున వచ్చింది, తిట్టలేదు. కారులో ఒక్క మాట అంది: "నాకు చెప్పుంటే నుదుటికి నేనే రాసి ప్రార్థన చేసేదాన్ని కదమ్మా." తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు!

డాక్టరమ్మ చీము తీసి, కడిగి, మందు మార్చింది. ఐదు స్క్రూలు బాగున్నాయి, ఆరోదాన్ని ఎముక పట్టుకుంటుందో లేదో పదిహేను రోజులు చూడాలి, పట్టుకోకపోతే తీసేయాలి అంది. ఆ పదిహేను రోజులూ నాలుక అటు వెళ్తే చాలు ప్రాణం పోయేది. శుక్రవారం కూడికలో జరిగింది జరిగినట్టు చెప్పమని రత్నాన్ని నేనే పంపాను. వాళ్లంతా ఉపవాసముండి ప్రార్థించారు, నేను ఒక్క పూట తప్పకుండా మాత్రలు మింగుతూ ప్రార్థించాను.

ఆ గడువు దాటి పదహారో రోజు డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఆ స్క్రూని తట్టి చూసి, గట్టిగానే ఉంది అంది! చీము జాడ లేదు. రత్నం చెయ్యి కూడా మానింది. దేవునికి స్తోత్రం, స్తోత్రం!

ఎముక పూర్తిగా అతుక్కోవడానికి ఇంకా నాలుగు నెలలు పడుతుందట. ఈ రోజుకీ చిగురు జివ్వుమంటే భయం వేస్తుంది, అబద్ధం చెప్పను. వెంటనే సుజాతను కేకేస్తాను, తను వచ్చేలోగా ప్రభువును కేకేస్తాను.

ఇది చదివే అమ్మా, అయ్యా, మీ ఒంట్లోనో ఇంట్లోనో దాచిపెట్టిన పుండు ఉంటే ఈ రోజే ఎవరికైనా చూపించండి. ప్రార్థన చేసుకోండి, చేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆ దారిలోనూ ఆయన తోడుంటాడు. నేను చేసిన దొంగ ప్రార్థన కూడా విని, జవాబుగా కాలిన చేతితో ఒక సహోదరిని నా గుమ్మంలో నిలబెట్టిన దేవుడు మిమ్మల్ని విడిచిపెడతాడా? ఆయనను నమ్మండి. ఆయనకే మహిమ. ఆమెన్.