బంతి అడిగిన గొంతు

కిటికీ ఒక రెక్క మూసెయ్ చిన్నీ, మంచు లోపలికి వస్తోంది. వద్దులే, ఉండనీ. నువ్వు మోకాలికి రాసుకున్న బాం వాసన, బయట తడిసిన గడ్డి వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇన్నేళ్లయినా అంతే. ఈ రెండూ ఒకచోట కలిస్తే నాకు రాజమణి మేడం గుర్తొస్తారు. పెన్ను తీసుకో, నేను చెప్పింది రాయి. చదివేవాళ్లెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి మొదటినుంచీ చెబుతాను, మధ్యలో తొందరపెట్టకు.

అప్పటికి శామీర్‌పేట దగ్గర రింగ్ రోడ్డు ఇంకా మట్టిదిబ్బలుగానే ఉంది. చెరువుకు కాస్త దూరంలో ఒక హాస్టలు వెనక మైదానంలో ఆడపిల్లలకు రగ్బీ క్యాంపు పెట్టారు. సముద్రం అవతలి దేశం నుంచి వచ్చే జట్టుతో మ్యాచ్. క్యాంపులో ఇరవై మంది పిల్లలు, వాళ్లలోంచి పన్నెండు మందిని ఎంచాలి, మైదానంలోకి దిగేది ఏడుగురే. వాళ్లకు వండిపెట్టడానికి అత్వెల్లి నుంచి నన్ను పిలిచారు. నాకు అప్పటికి నలభై ఐదు దాటాయి. పెళ్లిళ్లకు వండిన చెయ్యి నాది. రగ్బీ అంటే ఏదో బిస్కెట్ పేరనుకున్నాను, నవ్వకు. మేడం ఆ జట్టుకు కోచ్. ఎత్తయిన మనిషి, మాట తక్కువ. చిన్నప్పుడు తండ్రి దగ్గర కుస్తీ నేర్చుకుంటూ నలగ్గొట్టుకున్న ఎడమ చెవి ముద్దలా ఉండేది. మొదటి రోజే వంటింట్లోకి వచ్చి ఏడు స్టీలు గ్లాసులు, ఒక నిమ్మకాయ అడిగారు. షర్బత్ అనుకొని చక్కెర డబ్బా తీశాను. ఆమె గ్లాసులను గచ్చు మీద వరసగా పెట్టారు.

"అనసూయా, ఇగో సూడు. గీ గ్లాసులు మన పిల్లలు, నిమ్మకాయ బంతి. బంతి పట్టుకొని ముందటికి ఉర్కొచ్చు. కానీ చేత్తోని ముందటోళ్లకు ఇయ్యొద్దు. ఎనకున్నోళ్లకే ఇయ్యాలె."

"గిదేం ఆట మేడం! ఎనకకు సూడకుంట ఎట్లిస్తరు?"

"గొంతు ఇని. ఎనకొచ్చేటోళ్లు 'ఇటియ్' అని పిలుస్తరు. గా గొంతును నమ్మి ఇడిసిపెట్టుడే."

వచ్చే జట్టువాళ్లు బరువైనవాళ్లు, మన పిల్లలేమో సన్నగా ఉన్నారు. గుంపులోకి దూరితే నలిగిపోతారు. అందుకని అవతలివాళ్లందరినీ ఒక పక్కకు లాగి, బంతిని చప్పున రెండో అంచుకు దాటించాలన్నది మేడం ఎత్తు. ఆ అంచున నిలబెట్టిన గ్లాసు పేరు స్వప్న. చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల, పంతొమ్మిదేళ్లు. గాలిలా పరుగెత్తేది. "గీ పిల్ల లేకుంటే నా ఎత్తే లేదు" అన్నారు మేడం. లేచి వెళ్తూ ఇంకో మాట అన్నారు. "పిల్లలు నా ముందట నొప్పి దాస్తరు, నీ ముందట దాయరు. నీ వంటింటికి మూడు మెట్లున్నయ్ గదా, ఎవ్వలెట్ల ఎక్కుతుర్రో ఇను. రోజూ నాకు జెప్పు." నా బతుకంతా ఉప్పు సరిపోయిందా అని అడిగినవాళ్లే తప్ప, నువ్వేం విన్నావని అడిగినవాళ్లు లేరు. ఆ రోజు నుంచి నేను మెట్ల చప్పుడు వింటూనే కూర కలిపాను.

చలికాలం. తెల్లవారేసరికి చెరువు మీంచి మంచు లేచి మైదానాన్ని కప్పేసేది. పక్కనున్న గోల్‌పోస్ట్ కూడా కనిపించేది కాదు, పిల్లలు ఒంటికి రాసుకున్న బాం వాసన మాత్రం వచ్చేది. నేను చాయ్ క్యాన్ మోసుకుంటూ వెళ్తే మేడం సిమెంటు బల్ల మీద, మైదానానికి వీపు పెట్టి కూర్చుని ఉండేవారు. ఆమె వెనక ఆ తెల్లదనంలో మనుషులు లేరు, అడుగులు ఉన్నాయి. దగ్గరికి వచ్చేవి, దూరమయ్యేవి. మేడం కళ్లు మూసుకొని పేర్లు చెప్పేవారు. "గది కవిత, మడమ ఈడుస్తాంది. గది మేరీ, రాత్రి పండలే." తర్వాత చూస్తే కవిత మడమ మీద బొబ్బ ఉండేది. మైదానం వైపు తిరగరెందుకని ఒకసారి అడిగాను. "కండ్లతోని సూస్తే నాకు ఇష్టమైనోళ్లే మంచిగ ఆడినట్టు కనవడ్తరు. గందుకే ఇటు తిరుగుత" అన్నారు.

ఎంచిన పన్నెండు మంది జాబితా చదవడానికి రెండు రోజులుందనగా మేడం కాగితాల పని మీద సికింద్రాబాద్ వెళ్లారు. ఆ పూట ఆటలో స్వప్న ఒక పిల్లను పట్టి పడేయబోతే ఆ పిల్ల మోకాలు స్వప్న కణతకు తగిలింది. నేను వరండాలోంచి చూశాను. స్వప్న కాసేపు కదలలేదు. తర్వాత లేచి, నవ్వి, మట్టి దులుపుకుంది. మధ్యాహ్నం మెట్లు చక్కగానే ఎక్కి వచ్చింది. కంచం ముందు కూర్చుంది. పక్కన ఇంకో కంచం వేసి, నీళ్లు చల్లి తుడిచింది.

"పెద్దమ్మా, అక్క తిన్నదా?"

స్వప్న అక్క సునీత ముందటేడు జ్వరంతో చనిపోయింది. ఆ సంగతి ఆ పిల్లే నాకు చెప్పింది. చిన్నప్పటినుంచీ ఇద్దరూ చెరువుకట్ట మీద పరుగెత్తేవారట, స్వప్న ముందు, సునీత వెనక. "ఏందే పొల్లా, పరాచికాలా?" అన్నాను. స్వప్న నావైపు చూసింది గానీ నన్ను చూడలేదు. నాలుగు ముద్దలు తిని, అదే గొంతుతో, తల అలాగే పక్కకు వంచి, "పెద్దమ్మా, అక్క తిన్నదా?" అంది. మళ్లీ నాలుగు ముద్దలు. మళ్లీ అదే మాట. నాలుగోసారి అడగబోతూ ఆగింది. పక్కనున్న ఖాళీ కంచాన్ని చూసింది. తనే తీసి బోర్లించి, నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. "మేడంకు జెప్పకు పెద్దమ్మా. ఎల్లుండే లిస్టు. ఇంట్ల నేనొక్కదాన్నే మిగిలిన. ఇది గిట్ల పోతే మా అమ్మ మళ్ల మంచమెక్కుతది." ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

చచ్చిన అక్క గాలి సోకిందనుకున్నాను నేను. ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకొని మూడుసార్లు దిగదుడిచి పొయ్యిలో వేశాను. మిరపకాయలు కాలి బొగ్గయ్యాయి, ఘాటు మాత్రం రాలేదు. దిష్టి పోయిందని ధైర్యం తెచ్చుకున్నాను. సాయంత్రం మేడం వచ్చి, "ఇయ్యాల ఏం ఇన్నవ్?" అంటే, "అందరు మంచిగనే ఎక్కిర్రు మేడం" అన్నాను. మెట్ల వరకూ అది నిజమే.

మర్నాడు మంచు ఇంకా దట్టంగా ఉంది. బంతి చేతులు మారుతున్న చప్పుడు, "ఇటియ్, ఇటియ్" అన్న కేకలు. ఒక్కసారిగా కేకలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో స్వప్న గొంతు, సంతోషంగా, "అక్కా, పట్టు!" అంది. బంతి గడ్డిలో పడి దొర్లింది. మేడం మొదటిసారి మైదానం వైపు తిరిగారు. "బంతి అడిగిందెవ్వలు?" "నేను కాదు మేడం, నేను కాదు" అని ఒక్కొక్కరే అన్నారు. మళ్లీ ఆడమన్నారు. మంచు కొద్దిగా పలచబడింది, ఈసారి నేనూ చూశాను. స్వప్న పరుగెత్తుతూ, తల తిప్పకుండా, బంతిని వెనక్కి వదిలింది. అడ్డదిడ్డంగా కాదు. వెనక ఒక మనిషి పరుగెత్తుతుంటే సరిగ్గా ఆమె గుండెల దగ్గరికి చేరేలా. అక్కడ ఎవరూ లేరు. కవిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏడుపు మొదలుపెట్టింది.

మేడం నా దగ్గరికి వచ్చారు. "అనసూయా, నిన్న ఏం ఇన్నవ్?"

"ఒట్టేసిన మేడం."

"నేను ఒట్టు అడుగలే. ఇన్నది అడిగిన."

అంతా చెప్పాను, మిరపకాయల సంగతి కూడా. ఆమె తిట్టలేదు. ముఖం మాత్రం తెల్లబడింది. "గాలి గాదే అది, తలకు దెబ్బ. ఇంకోటి తాకితే పిల్ల లేవది." అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తలలో సన్నగా రక్తం కమ్మిందన్నాడు డాక్టరు, నెలల తరబడి పరుగెత్తకూడదన్నాడు. జాబితాలో స్వప్న పేరు లేదన్న మాట మేడమే మంచం దగ్గర నిలబడి చెప్పారు. నేను జావ గ్లాసుతో పక్కనే ఉన్నాను.

"ఎవ్వలు జెప్పిర్రు మీకు?" అని అరిచింది స్వప్న.

"ఎవ్వలు జెప్పుడేంది? నాకు చెవులు లేవా?"

"గా చెవుల్ల మన్ను వడ!"

వరండాలోకి వచ్చాక, నేనే చెప్పానని ఒప్పుకుంటానన్నాను. మేడం నా భుజం పట్టుకున్నారు. "నా మీద అలిగితే ఆట పోతది. నీ మీద అలిగితే బువ్వ పోతది. గిప్పుడు అది నీ చేతి బువ్వ ఒక్కటే తింటాంది. ఊకో." తర్వాత వంటింట్లో ఆరు గ్లాసులతో చాలాసేపు కూర్చున్నారు. అంచుకు ఎవరిని జరిపినా ఆ ఎత్తు కుదరలేదు. మ్యాచ్ ఓడిపోయాం. స్వప్న ఉండి ఉంటేనా అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

ఎండాకాలానికి స్వప్న కోలుకుంది గానీ ఆ రెండు రోజులు ఆమె తలలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. కంచం, ఒట్టు, బంతి, ఏవీ లేవు. కోపం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు బహదూర్‌పల్లిలో ఒక బడిలో పిల్లలను ఆడిస్తోంది. మేడం చనిపోయినప్పుడు కబురు పంపినా రాలేదు. వారం తర్వాత మా ఇంటికొచ్చింది. చాయ్ తాగకుండానే, "పెద్దమ్మా, మేడంకు ఎట్ల తెల్సింది?" అంది.

నన్ను ఊరుకోమన్న మనిషి ఇక లేరు. "నేనే జెప్పిన బిడ్డా" అన్నాను. అన్నీ చెప్పాను. లేచి వెళ్లిపోతుందని గుమ్మం వైపు చూస్తున్నాను. ఆమె కదలలేదు.

"నేను బంతి ఏసినప్పుడు నువ్ గాడ్నే ఉన్నవ్ గదా. అక్క పిలిచిందా? నాకైతే ఏం యాదికి లేదు. మళ్లొక్కసారి పిలిచిందేమో, అది సుత పోయింది నాకు."

అవునన్న మాట నా నాలుక చివరే ఉంది. అంటే ఆ పిల్ల ముఖం ఎలా వెలిగేదో నాకు తెలుసు. "నాకు ఇనవడలే బిడ్డా. బంతి గడ్డిల పడ్డ సప్పుడే ఇన్న" అన్నాను. తల వంచుకుంది. విన్నది ఇంకొకటి కూడా ఉంది కాబట్టి అదీ చెప్పాను. "కానీ మేడం అడిగింది, బంతి అడిగిందెవ్వలని. ఒక్కొక్కరు నేను కాదు, నేను కాదన్నరు."

స్వప్న చున్నీతో ముఖం తుడుచుకొని, "మేడం ఇల్లు ఏడ?" అంది. ఇద్దరం ఆటోలో గండిమైసమ్మ దాకా వెళ్లాం. దారి పొడుగునా ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు.

ఎవరైనా అడిగితే విన్నది చెబుతాను, విననిది కలపను. ఆమె నాకిచ్చిన అలవాటు అదొక్కటే. ఆ మంచులో మేడం ఏం విన్నారో మాత్రం, ఆమె బతికున్నన్నాళ్లూ నేను అడగలేదు. అడిగితే దాచేవారు కాదు. అందుకే అడగలేదు.