కొల్లేట్లో నా ముడి

ముడి వేయడంలో నన్ను మించినవాళ్లు భవానీపురం మొత్తంలో లేరని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. వన్ టౌన్‌లో మా అబ్బాకి వలల కొట్టు ఉండేది. చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా కప్పే వలలకి అంచు తాడు కట్టే పని ఇంట్లో ఆడవాళ్లది. అమ్మ ఒకే ముడి వేసేది. అంచు ఊరికే ఊడిపోతోందని చెరువుల వాళ్లు సణిగితే, గాలికేమో అనుకుని నేను రెండు మెలికలు వేసి బిగించడం మొదలుపెట్టాను. ఆ తర్వాత ఒక్క ఫిర్యాదు లేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ గొప్ప చెప్పి చంపుకుతినేదాన్ని.

కొల్లేరు అభయారణ్యమైన కొత్తలో, డిగ్రీ సెలవులకి, గూడబాతుల్ని చూస్తానని గోల చేసి సరుకు వ్యాన్‌లో అబ్బా పక్కన ఎక్కి కూర్చున్నాను. పక్షుల్ని పట్టడం నేరమని దారిలో పెద్ద బోర్డు. అది దాటగానే చెరువు గట్టు.

గూడబాతుని చూశాను. వల అంచుకి కాలు చిక్కుకుని, తలకిందులుగా, ముక్కు నీళ్లలో పెట్టి చచ్చిపోయి ఉంది. కాలి దగ్గర నా రెండు మెలికలు చెక్కు చెదరలేదు. వల కనబడితే పక్షులు వేరే చోటికి పోతాయనుకున్నాను. ఇన్నేళ్లూ అంతే అనుకున్నాను, బుద్ధి లేకుండా!

చెరువు రైతు నవ్వుకుంటూ ఎదురొచ్చాడు. "భాయ్‌గారూ, ఇదివరకు తన్నుకుని తన్నుకుని ఊడబీక్కుని పోయేవండీ. ఈ ముడి వచ్చాక ఒక్కటి పోతే ఒట్టు. ఎవరండీ వేసేది?"

"మా అమ్మాయేనండీ," అన్నారు అబ్బా పొంగిపోతూ.

"మంచి పనిమంతురాలివమ్మా," అన్నాడాయన నాతో. పక్క చెరువుకి కూడా వల పంపమన్నాడు.

వ్యాన్ ఎక్కాక, "మీకు ముందే తెలుసా అబ్బా?" అని అడిగాను.

"పక్షుల వలలో పక్షులు కాక ఇంకేం పడతాయే?" అన్నారు.

మర్నాడు కొత్త వల ముందేసుకుని, అమ్మలాగా, జారిపోయేటట్టు ఒక్కో ముడే వేయడం మొదలుపెట్టాను. పది వేశాను. అంతలో ఆ రైతు మా కొట్టుకి వచ్చి, మీ అమ్మాయి ముడి ఊడిపోయిందండీ అంటున్నట్టు అనిపించింది. చచ్చిన పక్షి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ పదీ విప్పి, రెండేసి మెలికలతో మళ్లీ బిగించాను.