ఇటు తిరగని పూలు

కంకిపాడు రైతు చౌడయ్య చేలో వేలు గుచ్చి తడి చూడనిదే కాఫీ తాగడు. ఈసారి ఇంటికి తూర్పున అరెకరం పొద్దుతిరుగుడు వేశాడు. మొగ్గలు పొద్దున తూర్పుకీ సాయంత్రం పడమరకీ తిరుగుతుంటే మురిసిపోయి, "పూశాక సాయంత్రాలు అరుగు మీద కూర్చో, అన్నీ నీకేసే చూస్తాయి" అని భార్య రావమ్మకు మాటిచ్చాడు. ఆవిడ వీధంతా చెప్పుకుంది. తీరా పూలు విచ్చుకున్నాక తిరగడం మానేసి తూర్పుకే నిలిచిపోయాయి. చూడవచ్చిన అమ్మలక్కలకు అరుగు మీంచి పూల వీపులే కనిపించాయి. "ఇదేంటండీ, ఒక్కటీ ఇటు చూడదు?" అంది రావమ్మ. చౌడయ్య తలగుడ్డ విప్పి మెడ తుడుచుకున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి అరుగు మీది కుర్చీలు లేవు. రావమ్మ వెతుక్కుంటూ వెళితే చేనుకు అవతల, తూర్పు గట్టు మీద ఉన్నాయి. "కూర్చో. అన్నీ నీకేసే చూస్తున్నాయి" అన్నాడు చౌడయ్య, మట్టి చేత్తోనే కాఫీ గ్లాసు అందిస్తూ.